52, 290: రెండు సంఖ్యల వెనుక చరిత్ర



2020 జనవరి 3న బాగ్దాద్‌లో ఇరాన్ సేనాని ఖాసిం సులేమానీని అమెరికా హతమార్చింది. ఇరాన్ ప్రతీకారానికి దిగితే ఆ దేశంలోని 52 స్థలాలపై దాడి చేస్తామని మరునాడే అధ్యక్షుడు ట్రంప్ హెచ్చరించారు. 52ను ప్రస్తావించేవారు 290ని కూడా గుర్తుంచుకోవాలని ఇరాన్ అధ్యక్షుడు రూహానీ బదులిచ్చారు. సరిహద్దు తగాదా లేని, వేల మైళ్ల ఎడమున్న రెండు దేశాలు ఇలా సంఖ్యలతో సంభాషించుకోవడం వెనుక ఏముంది?

1979 నవంబరు 4న టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ఆక్రమించారు. 52 మందిని 444 రోజులు నిర్బంధించారు. అమెరికా ప్రజల జ్ఞాపకంలో వైరం అక్కడే మొదలవుతుంది. ఇరానీయుల జ్ఞాపకం మరో పాతికేళ్లు వెనక్కి వెళ్తుంది.

బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉన్న చమురును 1951లో ముహమ్మద్ ముసద్దిఖ్ ప్రభుత్వం జాతీయం చేసింది. ఆ చమురును ఎవరూ కొనకుండా బ్రిటన్ అడ్డుపడింది. 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కుట్ర పన్నాయి. మొదటి ప్రయత్నం విఫలమై షా దేశం విడిచి పారిపోయాడు. కొద్ది రోజులకే, ఆగస్టు 19న, రెండో ప్రయత్నం ఫలించింది. షా తిరిగి వచ్చాడు. ముసద్దిఖ్ మూడేళ్లు చెరసాలలో, ఆపై 1967లో మరణించేవరకు గృహనిర్బంధంలో గడిపారు. (ఆయతుల్లా కాషానీ వంటి మతపెద్దలు కూడా అప్పటికే ఆయనను వదిలేశారన్నది నేటి ఇరాన్ పాలకులు అంతగా చెప్పుకోని సంగతి.) కుట్రలో తన పాత్రను సి.ఐ.ఎ. పత్రాలు బాహాటంగా అంగీకరించింది 2013లో, అంటే 60 ఏళ్లకు! కనుకనే 1979 అక్టోబరులో పదవీచ్యుతుడైన షాను చికిత్స పేరిట అమెరికా తన గడ్డపైకి రానిచ్చినప్పుడు, 1953 పునరావృతమవుతుందని ఆ విద్యార్థులు భయపడ్డారు. రాయబారులను బంధించడాన్ని ఆ భయం సమర్థించదు. అయితే అది అర్థం లేని భయం మాత్రం కాదు.

ఇక 290. 1988 జులై 3న బందర్ అబ్బాస్ నుండి దుబాయ్ వెళ్తున్న ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ కూల్చివేసింది. మృతులు 290 మంది, వారిలో 66 మంది పిల్లలు. పది మంది భారతీయులూ ఉన్నారు. యుద్ధవిమానంగా పొరబడ్డామని అమెరికా చెప్పింది. 1996లో 6 కోట్ల 18 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది గాని, చట్టపరమైన బాధ్యతను అంగీకరించలేదు. ఆ నౌక కెప్టెన్‌కు తరువాత పతకం దక్కింది.

మన సభల్లో సాధారణంగా ఈ 290 దగ్గరే ప్రసంగం ముగిసి చప్పట్లు మోగుతాయి. నేను అక్కడ ఆపలేను. రూహానీ ఆ మాట అన్న రెండు రోజులకే, జనవరి 8 తెల్లవారుజామున, టెహ్రాన్ నుండి బయలుదేరిన ఉక్రెయిన్ విమానాన్ని ఇరాన్ దళాలే క్షిపణులతో కూల్చాయి. 176 మంది మరణించారు. వారిలో అత్యధికులు ఇరాన్ మూలాలున్నవారే. మూడు రోజుల పాటు ప్రభుత్వం కాదని బుకాయించింది. జనవరి 11న పొరబడ్డామని ఒప్పుకుంది. ఆ సాయంత్రం టెహ్రాన్ విద్యార్థులు కొవ్వొత్తులతో వీధుల్లోకి వచ్చి తమ పాలకులను నిలదీశారు.