బిడ్డల భద్రత – మన పరువు
(మహాసభలో చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆ నిధిచే చదువుకొనుచున్న బిడ్డలను గూర్చియే మాటలాడెదను గనుక, విషయమును కొంత మార్చుకొన్నందులకు వారు క్షమింతురని నమ్ముచున్నాను.

2020వ సంవత్సరమున కరోనా కారణముగా బడులు మూతపడినప్పుడు, పాఠములు వినుటకై మనమే పిల్లల చేతికి సెల్‌ఫోను నిచ్చితిమి. అప్పుచేసి కొనియిచ్చినవారును మనలో కలరు. బడులు మరల తెరచిరి. ఫోను మాత్రము మన చేతికి మరలి రాలేదు. అందులకు పిల్లలను నిందించుట న్యాయము గాదు.

మా బంధువర్గమున ఇంటర్మీడియెట్టు చదువు బాలుడొకడు కలడు. వాని యనుమతితోనే చెప్పుచున్నాను; గురుతు తెలియకుండ కొన్ని వివరములు మార్చితిని. ఎవరో యని వెదుకవలదని ప్రార్థన. ఫోనులో ఆట లాడుచుండగా ఎవ్వడో ఒక బాలిక పేరుతో వానితో స్నేహము కలిపెను. కొన్నినాళ్లకు ఫోటోలడిగెను, వీడు పంపరానివి పంపెను. మరునాటినుండి బెదిరింపులు మొదలయ్యెను. సొమ్ము పంపనిచో ఆ ఫోటోలను తండ్రికిని, మన కులమువారి వాట్సాపు గ్రూపునకును పంపెదననెను. బాలుడు తండ్రి ఫోనునుండి మూడు పర్యాయములు సొమ్ము పంపెను. పంపినకొలది అడుగుట హెచ్చెనే గాని తగ్గలేదు. వాడు తిండి మానెను; చదువు మానెను. మూడు వారములైన పిమ్మట మేనమామ యొద్ద ఏడ్చెను. ఆయన కోపింపక, వానిని వెంటబెట్టుకొని పోలీసులకడకు పోయెను. సొమ్ము పూర్తిగా రాలేదు గాని బిడ్డ దక్కెను.

“నాన్నతో నేల చెప్పలేదురా?” యని తరువాత నేనడిగితిని. “కొట్టుదురని కాదు, తాతయ్యా. పరువు పోయినదని నాన్న ఏమి చేసికొనునో యని భయపడితిని” అనెను. ఆ మాట విన్ననాడు నాకు నిద్రపట్టలేదు. ఆ దుర్మార్గుని పెట్టుబడి మన పరువే గదా!

వానికి మన గ్రూపు సంగతి ఎట్లు తెలిసెనో నిశ్చయముగా చెప్పజాలను. కాని తెలిసికొనుటకు శ్రమ అక్కరలేదు. అంతకు ముందేడు ప్రతిభాబహుమానములప్పుడు ఆ బాలుని ఫోటో, మార్కులు, కళాశాల పేరు, తండ్రి ఫోను నంబరు మనమే పదిచోట్ల ప్రకటించితిమి. పెండ్లిసంబంధముల గ్రూపుల సంగతి ఇంకను విపరీతము. కన్య ఫోటోతోబాటు బడికి పోవు చెల్లెండ్ర ఫోటోలును చిరునామాతో సహా ఊరూరు తిరుగుచున్నవి.

ఫామిలీ లింకు వంటి సాధనములతో ఫోను వాడు వేళలను కట్టడి చేయవచ్చును. అవి పసివారికి పనికివచ్చును. పదునారేండ్లవానికి ఆ తాళముల మర్మము మనకంటె బాగుగ తెలియును. “ఏమి జరిగినను నాతో చెప్పుము. కొట్టను, ఫోను లాగుకొనను” అని ఆపద రాకముందే తండ్రి చెప్పవలెను, చెప్పినమాట నిలుపుకొనవలెను. తండ్రితో చెప్పుకొనలేని బిడ్డకు మేనమామయో పిన్నియో ఒకరుండవలెను.

ఆపద వచ్చినచో సొమ్ము పంపరాదు. భయముతో సందేశములను చెరిపివేయరాదు, అవియే సాక్ష్యము. సొమ్ము పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది బ్యాంకులలో దానిని నిలుపుట కష్టము. పిల్లల ఆపదలకు 1098 కలదు. 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు ఆడపిల్లలకును మగపిల్లలకును సమానముగ వర్తించును. ఆ చట్టము ప్రకారము బాధితుడైన బిడ్డ పేరు పత్రికలలో ప్రకటింపగూడదు. పేరు బయటపడునని ఫిర్యాదు మానుకొనువారు దీనిని గమనింపవలెను. “టేక్ ఇట్ డౌన్” అను ఉచితసేవ యొకటి అమెరికాలో నడుచుచున్నది; మనవారును వాడుకొనవచ్చును. ఫోటోను ఎవ్వరికిని పంపనక్కరలేదు. దాని గురుతు మాత్రము లెక్కకట్టి, ఇన్‌స్టాగ్రాం, ఫేస్‌బుక్ వంటివానిలో అది కనబడినచో తొలగించుటకు తోడ్పడును.

కార్యదర్శులకు ఒక్క మనవి. వచ్చే సంచికలో బహుమానగ్రహీతల పేరును తరగతియు చాలును. ఫోను నంబరు, కళాశాల పేరు వలదు. ఫోటో వేయుటకు తలిదండ్రులతోబాటు బిడ్డను గూడ అడుగవలెను. ఫోటో లేనిదే దాతలకు తృప్తి కలుగదని కొందరందురు. దాతలతో నేనే మాటలాడెదను. ఈ విషయమును రేపటి విషయనిర్ణయసభలో తీర్మానముగ ప్రతిపాదించుటకు అధ్యక్షులవారి యనుజ్ఞ వేడుచున్నాను. బలపరచుటకు తల్లులలో నొకరు ముందుకు వచ్చినచో సంతోషింతును.