పడిపోతే కబురు ఎవరికి అందాలి?



రేపో ఎల్లుండో మీ పెద్దవారిని ఇంటికి తీసుకువెళతారు. మందుల చీటీ భద్రంగా పెట్టుకుంటారు. మంచిదే. కాని వారు ఒంటరిగా ఉన్నప్పుడు పడిపోతే ఎవరికి తెలుస్తుంది? అది కూడా ఈ రోజే ఆలోచించండి.

2005లో ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ మొదలైంది. ఫోను చేస్తే ఆంబులెన్సు వస్తుందని ఇప్పుడు పల్లెల్లోనూ తెలుసు. కాని తుంటి ఎముక విరిగి పడినవారికి ఫోను అందకపోతే? గంటల తరబడి నేల మీదే ఉంటే ఒంట్లో నీరు తగ్గుతుంది, చర్మం, కండరాలు దెబ్బతింటాయి.

ఇందుకోసమే పడిపోవడాన్ని గుర్తించే చేతి గడియారాలు వచ్చాయి. ఆపిల్ వాచ్‌లో 2018 నుంచి ఈ సదుపాయం ఉంది. మనిషి గట్టిగా పడి, సుమారు నిమిషంపాటు కదలకపోతే అది హెచ్చరిస్తుంది. అప్పటికీ జవాబు లేకపోతే అత్యవసర నంబరుకు ఫోను చేసి, మీరు ముందుగా నమోదు చేసినవారికి చోటు వివరంతో సందేశం పంపుతుంది. ఇలాంటి మరికొన్ని పరికరాల్లో కబురు క్లౌడ్‌కు, అంటే ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లకు చేరి, అక్కడినుంచి మీ ఫోనుకు వస్తుంది. అమెరికాలో ఉన్న కొడుక్కీ వెంటనే తెలుస్తుంది.

తెలుస్తుంది, నిజమే. మరి వచ్చి లేవనెత్తేది ఎవరు? అందుకే ఈ జాగ్రత్తలు తీసుకోండి.

1. పిల్లల పేర్లతోపాటు పక్కింటివారి పేరు కూడా నమోదు చేయండి. ముందుగా వారిని అడగండి. ఒక తాళంచెవి వారికివ్వండి. లోపల గడియ పెడితే తాళంచెవి పనికిరాదని పెద్దవారికి చెప్పండి.

2. రాత్రి బాత్‌రూముకు లేచినప్పుడు పడే ప్రమాదం ఎక్కువ. కనుక వాచీని రాత్రి ఛార్జింగులో పెట్టవద్దు. సాయంత్రం ఎవరైనా దగ్గరున్నప్పుడు పెట్టండి.

3. వాచీలో పెద్దవారి పుట్టినతేదీనే నమోదు చేయండి. ఆపిల్ వాచ్‌లో 55 ఏళ్లు దాటినవారికే ఈ సదుపాయం దానంతటదే పనిచేస్తుంది.

4. మెల్లగా జారి పడితే వాచీ గుర్తించకపోవచ్చు. సిగ్నలు లేకపోతే కబురు వెళ్లదు. కాబట్టి ఉదయం, రాత్రి ఫోను చేసి పలకరించడం మానవద్దు.

వాచీ కొనలేమని దిగులుపడకండి. ప్రభుత్వ నిబంధన ప్రకారం 2017 నుంచి మన దేశంలో అమ్మే కీప్యాడ్ ఫోన్లలో 5 లేదా 9 అంకెను నొక్కిపట్టుకుంటే 112కు కాల్ వెళ్లాలి. మీ ఫోనులో ఏ అంకెకు వెళుతుందో దుకాణంలో అడిగి తెలుసుకోండి. చిన్న సంచిలో ఆ ఫోనును పెద్దవారి మెడలో వేయండి.

ఇంటికి వెళ్లగానే ముందు పక్కింటి తలుపు తట్టండి. వాచీ సంగతి తరువాత చూడవచ్చు.