ఎడబాటునకు సాక్ష్యము

కాళిదాసు మేఘసందేశములోని యక్షునకు కుబేరుడు విధించిన శాపము ఒక్క సంవత్సరము. అందులో ఎనిమిది మాసములు గడచి నాలుగే మిగిలియుండగా, ఆతడు ఓర్వలేక మేఘమును బ్రతిమాలుకొనెను. అమెరికా సంయుక్త రాష్ట్రముల వలస శాసనము భార్యాభర్తలకు విధించు ఎడబాటు కొందరి విషయమున 3 సంవత్సరములు, మరికొందరి విషయమున 10. ఈ శాపమునకు విమోచన మార్గము ఒకటి ఆ శాసనములోనే కలదు. దానిని వేవరు అందురు. మన మాటలో మినహాయింపు. అది ఎవరికి లభించును, దానిని కోరువారు ఏమి నిరూపింపవలెను అను సంగతిని నేడు శ్రోతలకు మనవి చేయదలచితిని. మన కుటుంబములు ఎన్నియో ఆ దేశముతో ముడిపడియున్న ఈ రోజులలో ఇది మనకు పరాయి విషయము కాదు.

ఈ నిషేధములు 1996లో అమెరికా కాంగ్రెసు చేసిన శాసనముతో పుట్టినవి. 1997 ఏప్రిల్ 1 నుండి దినముల లెక్క ఆరంభమైనది. అనుమతి లేకుండ 180 దినములకు మించి, ఏడాదికి లోపుగ నివసించి, తనంత తాను వెడలిపోయినవాడు 3 సంవత్సరముల వరకు తిరిగి ప్రవేశింపరాదు. ఏడాది గాని అంతకు మించి గాని నిలిచి వెడలినవానికి 10 సంవత్సరములు. పదునెనిమిదేండ్లు నిండకముందు గడచిన దినములు లెక్కకు రావు. ఇందలి చమత్కారము, చమత్కారమనుటకు మనసొప్పదు గాని, ఏమనగా, మనిషి ఆ దేశమున ఉన్నంత కాలము ఈ నిషేధము నిద్రించుచుండును. గడప దాటి వెలుపలికి అడుగిడిన క్షణమున మేల్కొనును.

ఒక కుటుంబమును ఊహింపుడు. భర్త యౌవనమున మెక్సికో నుండి సరిహద్దు దాటి, ఏ తనిఖీయు లేకుండ వచ్చినవాడు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ప్రాంతపు ద్రాక్షతోటలలో పనిచేయుచున్నాడు. భార్య అక్కడనే పుట్టిన పౌరురాలు. ఇద్దరు బిడ్డలు. పౌరురాలు గనుక ఆమె భర్తకై అర్జీ పెట్టవచ్చును. ఆ వివాహము నిజమైనదని తేలినచో అర్జీ మంజూరగును కూడ. అయినను తనిఖీ లేక వచ్చినవాడు సామాన్యముగ అక్కడనే ఉండి నివాసపత్రము పొందజాలడు. వీసా కొరకు సియుదాద్ హ్వారెజ్ నగరమునందలి అమెరికా కాన్సలు కార్యాలయమునకు పోవలెను. పోయినచో పదేండ్ల నిషేధము మేల్కొనును. శాసనము ఒక చేతితో పిలుచుచు, రెండవ చేతితో తలుపు మూయుచున్నది.

విమానము దిగి, వీసా చూపి, సక్రమముగ ప్రవేశించి గడువు దాటి నిలిచిపోయినవాని స్థితి కొంత మేలు. ఆతడు పౌరురాలిని వివాహమాడినచో, సాధారణముగ దేశము విడువకయే నివాసపత్రము కోరవచ్చును. మనవారికి ఎదురగు ప్రమాదము వేరొకటి. ఊరిలో తల్లికి ప్రాణము మీదికి వచ్చినదని ఫోను వచ్చును. కొడుకు వెనుకముందు చూడక విమానమెక్కును. పదునొకండవ దినపు కర్మ ముగిసి తిరుగు ప్రయాణమునకు సిద్ధపడినప్పుడు గాని, తాను దాటిన గడప ఎట్టిదో ఆతనికి తెలియదు. అప్పటికి భార్యాబిడ్డలు సముద్రమునకు ఆవలి ఒడ్డున నుందురు.

ఇట్టి వ్యవహారమే ఒకటి 2012లో అమెరికా వలస అప్పీళ్ల బోర్డు ఎదుటికి వచ్చెను. భారతదేశమునకు చెందిన భార్యాభర్తలు, నివాసపత్రపు అర్జీ విచారణలో నుండగా, ముందుగ ప్రయాణానుమతి పొంది, వృద్ధులైన తలిదండ్రులను చూడవచ్చి తిరిగి వెళ్లిరి. ప్రభుత్వము వారికి పదేండ్ల నిషేధము తగిలించెను. అట్టి అనుమతితో పోయి వచ్చుట నిషేధమును మేల్కొలుపు నిష్క్రమణము కాదని బోర్డు తీర్పు చెప్పెను. ఆ తీర్పు వారి ఇంటిపేర్లతోనే వలస న్యాయవాదుల నోట నలుగుచున్నది. అవి మన తెలుగు ఇంటిపేర్లే యని వినగానే పోల్చుకొనవచ్చును.

ఇక మినహాయింపు సంగతి. నిషేధము భర్తపై ఉన్నను, అర్జీలో తూచునది ఆతని కష్టము కాదు. పౌరులో, శాశ్వత నివాసులో అయిన భార్యకు గాని, తలిదండ్రులకు గాని పరమ కష్టము కలుగునని నిరూపింపవలెను. బిడ్డలు ఈ జాబితాలో లేరు. నాలుగేండ్ల పసివాడు తండ్రికై ఏడ్చుట స్వయముగ లెక్కకు రాదు. ఆ యేడ్పు చూచి తల్లి ఆరోగ్యము చెడినచో, అది తల్లి కష్టముగ లెక్కకు వచ్చును. శాసనము చేసినవారి యింట పిల్లలు లేకుండిరా యని నాకు పలుమారు తోచినది.

పరమ కష్టమనగా నేమి? శాసనము నిర్వచింపలేదు. 1999లో అప్పీళ్ల బోర్డు కొన్ని అంశములు పేర్కొనెను: ఆ దేశమునందలి కుటుంబ బంధములు, భర్త వెంట పోవలసిన దేశపు స్థితిగతులు, ఆర్థికనష్టము, అచ్చట తగిన వైద్యము దొరకని వ్యాధులు. ఎడబాటు వలన సామాన్యముగ కలుగు దుఃఖము చాలదు. ఒంటరితనము, అద్దె భారము, రాత్రి కన్నీరు అందరికిని కలుగునవే గనుక అవి పరమము కావు.

అందుచేత భార్య సాక్ష్యము కూడబెట్టుటకు పూనుకొనును. నిద్ర పట్టుట లేదని ఆమె వ్రాసిన చాలదు. నిద్ర పట్టుట లేదని వైద్యుడు వ్రాయవలెను. మందుల చీటీలు, ఇంటి అప్పు కాగితములు, బడి పంతులమ్మ ఉత్తరము, భర్త పుట్టిన ఊరి భద్రతను గూర్చిన నివేదికలు, అన్నియు ఒక కట్టగ కట్టవలెను. వేర్పడి యున్నచో ఏమగునో చెప్పవలెను. వెంట పోయినచో ఏమగునో కూడ చెప్పవలెను. ఆరోగ్యవతియై, ఉద్యోగము చేసికొనుచు, ధైర్యముగ సంసారము నెట్టుకొని వచ్చు ఇల్లాలికి ఆ ధైర్యమే అడ్డు తగులును. తాను ఎంత విరిగిపోయినదో అధికారికి చూపగలిగిన ఆమెయే గెలుచును. తప్పు చేయని మనిషిని ఈ విధముగ పరీక్షించుట నాకు న్యాయముగ తోచదు. నియమము మీరినవానికి ఏ ఫలితమును లేనిచో, ఏండ్ల తరబడి వరుసలో నిలిచినవారికి అన్యాయమను మాటలో సత్యమున్నది. కాని ఆ ఫలితమును మోయుచున్నది మీరినవాడొక్కడే కాదు.

ఇన్ని చూపినను మంజూరు అధికారి విచక్షణకు లోబడినది. ఆ నిర్ణయమును ఏ న్యాయస్థానమును పునర్విచారింపరాదని శాసనమే చెప్పుచున్నది.

2013కు ముందు స్థితి మరియు కఠినము. భర్త హ్వారెజ్ పోయి, నిరాకరణ పొంది, అప్పుడు అర్జీ పెట్టి, ఫలితము వచ్చు వరకు వెలుపలనే కాలము గడపవలెను. ఆ సంవత్సరము మార్చిలో, దేశము విడువకముందే తాత్కాలిక మినహాయింపు కోరు పద్ధతి వచ్చెను. 2016లో దానిని శాశ్వత నివాసుల కుటుంబములకును విస్తరించిరి. అయినను కాన్సలు వద్ద వేరొక దోషము బయటపడినచో ఆ తాత్కాలిక మంజూరు దానంతట అది రద్దగును. అమెరికా పౌరుడనని అబద్ధమాడినవానికి వలస వీసా విషయమున మినహాయింపే లేదు. ఏడాదికి మించి అక్రమముగ నివసించి వెడలి, మరల దొంగచాటుగ దాటినవాడు పదేండ్లు వెలుపల గడపిన పిమ్మటనే అనుమతి కోరవలెను. కాన్సలు తుది నిరాకరణపై పౌరురాలైన భార్య కోర్టుకెక్కినను, భర్తను దేశములోనికి రానిమ్మని కోరు మౌలిక హక్కు ఆమెకు రాజ్యాంగము ఈయలేదని 2024 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

ఆ దేశమున గడువు దాటి యున్న బంధువులు ఎవరికైన నుండవచ్చును. టిక్కెట్టు కొనుటకు ముందు వారు ప్రవేశించిన తేదీని, అనుమతి ముగిసిన తేదీని ఒక కాగితముపై వ్రాసి, వలస న్యాయవాదికి చూపవలెను. విద్యార్థి వీసాల లెక్క వేరుగ నుండును గనుక సొంత గణనను నమ్మరాదు. అక్రమ నివాసము సరిగ 180 దినములైనప్పుడు వెడలినవానికి ఈ నిషేధము లేదు. మరునాడు వెడలినవానికి 3 సంవత్సరములు.