బేస్ గిటార్ వాయించేవాళ్ళకి షోలు ఎక్కడ నుంచి వస్తాయి?

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, బేస్ నేర్చుకున్నాను, బాగానే వాయిస్తాను. మరి షోలు ఎలా వస్తాయి? ఎవర్ని కలవాలి?" ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్ళుగా బేస్ వాయిస్తున్నాను. పెళ్ళి సంగీత్‌లు, రిసెప్షన్లు, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి పబ్బులు, కాలేజీ ఫెస్టులు, వినాయక చవితి మండపాలు, డిసెంబరులో క్రిస్మస్ ప్రోగ్రాములు. ఇల్లు గడిచేది దీని మీదే. అందుకని గొప్పలు చెప్పను, జరిగింది చెప్తాను.

ముందు నా పరువు పోయిన కథ.

అప్పటికి నేను వీడియోలు చూసి నేర్చుకుని రెండేళ్ళయింది. వరంగల్‌లో ఒక రిసెప్షన్. ఆర్కెస్ట్రాకి రావాల్సిన బేసిస్టుకి జ్వరం, ఆఖరి నిమిషంలో నన్ను పిలిచారు. పదిహేను వందలు ఇస్తామన్నారు. ఎగిరి గంతేశాను. స్టేజి మీద ఒక సీనియర్ సింగర్ గారు వెనక్కి తిరిగి, "ఐదున్నర ఇవ్వండి" అన్నారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. నాకు అర్థం కాలేదు. ఐదున్నర ఏంటి? అడిగితే చిన్నతనం అనుకున్నాను. లావు తీగ మీద ఐదో ఫ్రెట్ అయి ఉంటుందిలే అని మొదలుపెట్టేశాను.

మన దగ్గర హార్మోనియం లెక్కలో ఐదున్నర శృతి అంటే జి షార్ప్. లావు తీగ మీద ఐదో ఫ్రెట్ అంటే ఎ. రెండింటికీ తేడా అర స్వరం. పూర్తిగా వేరే స్వరం వాయిస్తే కనీసం ఎక్కడో కలుస్తుందేమో, అర స్వరం తేడా ఉంటే మాత్రం పళ్ళు జివ్వుమంటాయి. సింగర్ గారు నా వైపు ఒక్క చూపు చూశారు. కాసేపటికి నా బేస్ నాకే వినిపించడం మానేసింది. సౌండ్ ఇంజినీర్ నా ఫేడర్ కిందికి దించేశాడు. మిగతా రెండు గంటలు నేను వాయిస్తున్నట్టు నటించాను. ఫొటోల్లో మాత్రం చాలా బాగా పడ్డాను.

డబ్బులు ఇచ్చారు. కానీ ఏడు నెలలు ఆ టీమ్ నుంచి ఫోన్ లేదు. వాళ్ళకి తెలిసిన మిగతా టీముల నుంచి కూడా లేదు. ఇంట్లో నాన్న ఏమీ అనలేదు గానీ, పేపర్లో ఉద్యోగ ప్రకటనలకి పెన్నుతో గీతలు కనపడటం మొదలైంది.

చివరికి ఆ టీమ్ కీబోర్డ్ అన్న దగ్గరికి వెళ్ళాను. టీ కొట్టు దగ్గర నిలబడి, "అన్నా, ఆ రోజు నాకు శృతుల లెక్క తెలియదు, నేర్పిస్తావా" అని అడిగాను. ఆయన నవ్వి, జేబులోంచి ఒక పెళ్ళిపత్రిక తీసి దాని వెనకాల రాశాడు. ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ, ఆరున్నర ఎ షార్ప్, ఏడు బి. ఆ కార్డు ఇచ్చి ఒక మాటన్నాడు: "వాయించడం రాకపోతే నేర్పుకుంటాం తమ్ముడూ. రాదని చెప్పకపోతే మేమేం చెయ్యాలి?"

షోలు ఎలా వస్తాయి అన్న ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు మొత్తం ఆ మాటలోనే ఉంది. షో ఇచ్చేవాడు మీ స్పీడు చూసి పిలవడు. వీడిని పిలిస్తే ఆ రాత్రి నేను ప్రశాంతంగా ఉండొచ్చా లేదా అని చూస్తాడు.

సరే, ఇక పనికొచ్చే విషయాలు.

మొదటిది, ఎవరు పిలుస్తారు? ఈవెంట్ మేనేజర్లు అనుకుంటాం. నాకు వచ్చిన షోల్లో ఎక్కువ భాగం ముగ్గురి నుంచే వచ్చాయి: డ్రమ్మర్లు, కీబోర్డ్ ప్లేయర్లు, ఇంకా తోటి బేసిస్టులు. అవును, పోటీ అనుకునేవాళ్ళే. ఒకే ముహూర్తానికి ఊళ్ళో పది పెళ్ళిళ్ళుంటాయి. ఒక బేసిస్టు ఒకచోటే వాయించగలడు, మిగతావి ఎవరికో ఒకరికి చెప్పాలి. ఆ ఎవరో మీరు కావాలి. అందుకే వేరేవాళ్ళ షోలకి వెళ్ళండి, అయిపోయాక పలకరించండి, కేబుళ్ళు చుట్టడంలో చెయ్యి వెయ్యండి. ఆదివారం చర్చిలో వాయించే అవకాశం ఉంటే వదలకండి. వారం వారం డ్రమ్మర్‌తో కలిసి వాయించడం ఇంట్లో వీడియో ముందు కూర్చుంటే రాదు.

రెండోది, మీ వీడియో. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ చిన్న స్పీకర్లో అది దాదాపు వినపడదు. మీరు పంపిన క్లిప్పు అవతలివాళ్ళు ఆటోలో కూర్చుని ఫోన్లోనే చూస్తారు. వేళ్ళు ఆడుతుంటాయి, శబ్దం ఉండదు. కాబట్టి మిడ్ కొంచెం పెంచి రికార్డ్ చెయ్యండి, పంపేముందు మీ ఫోన్ స్పీకర్లోనే విని చూడండి. నిమిషం లోపు మూడు క్లిప్పులు చాలు: ఒక మెలోడీ, ఒక తీన్మార్, ఒక పబ్ పాట. మెలోడీ కోసం ఇళయరాజా గారి పాటలు పట్టుకోండి. రెహమాన్ గారి పాటల్లో కీత్ పీటర్స్ గారు వాయించిన బేస్ వినండి. పాటకి ఎంత కావాలో అంతే ఎలా వాయించాలో అక్కడ తెలుస్తుంది.

మూడోది, ఒప్పుకునేముందు వాట్సాప్‌లో రాసుకోండి. తేదీ, చోటు, ఎన్నింటికి రావాలి, సౌండ్ చెక్ ఎప్పుడు, ఎన్ని పాటలు, డబ్బు ఎంత, ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, ఊరు దాటితే ప్రయాణం ఖర్చు ఎవరిది. అడిగితే ఏమనుకుంటారో అని నోరు మూసుకుని, అర్ధరాత్రి రెండింటికి ఫంక్షన్ హాల్ గేటు దగ్గర డబ్బు కోసం నిలబడ్డవాడిని నేను. ముందే అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

నాలుగోది, చిన్న షో ఒప్పుకున్నాక పెద్దది వస్తే? చిన్నదే చెయ్యండి. నిజంగా వెళ్ళలేకపోతే, మీ బదులు పాటలు తెలిసిన ఇంకో బేసిస్టుని మీరే మాట్లాడి పంపండి. ఉత్త "సారీ అన్నా" పంపిస్తే ఆ నంబర్ నుంచి మళ్ళీ ఫోన్ రాదు.

ఐదోది, బ్యాగు. స్పేర్ తీగలు, రెండు కేబుళ్ళు, ట్యూనర్, యాక్టివ్ బేస్ అయితే కొత్త 9 వోల్టుల బ్యాటరీ. పాట మధ్యలో బ్యాటరీ అయిపోతే ఎవరూ బ్యాటరీని తిట్టరు, మిమ్మల్నే తిడతారు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఇది నెల జీతం కాదు. ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళుండవు. ఇప్పుడు చాలా పాటలకి బేస్ కీబోర్డులోనే వేసేస్తున్నారు, స్టూడియో పిలుపులు తక్కువ. అందుకే నేను ఆషాఢంలో పిల్లలకి క్లాసులు చెప్తాను, మాఘంలో వచ్చింది కొంత దాస్తాను. మొదటి రెండేళ్ళు ఇంకో ఆదాయం లేకుండా దీంట్లోకి దూకొద్దు. నేను దూకాను, నాన్న గీసిన పెన్ను గీతలు ఇంకా గుర్తున్నాయి.

ఆ ఏడు నెలల తర్వాత కీబోర్డ్ అన్నే ఫోన్ చేశాడు. అదే సింగర్ గారు, ఈసారి కరీంనగర్‌లో. ఆవిడ వెనక్కి తిరిగి, "నాలుగున్నర" అన్నారు. నాకు తెలుసు, అయినా గట్టిగానే అడిగాను, "ఎఫ్ షార్పే కదా మేడమ్?" ఆవిడ అవునని తలూపారు. పాట అయిపోయేదాకా నా ఫేడర్ ఎవరూ దించలేదు.

ఆ పెళ్ళిపత్రిక ఇప్పటికీ నా బేస్ బ్యాగులోనే ఉంది. మీకు ఆ లెక్క తెలియకపోతే ఇందాక చెప్పింది ఇప్పుడే రాసుకోండి. ఇంకేదైనా తెలియకపోతే స్టేజి ఎక్కకముందే అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో నలభై పాటల లిస్టు రెండు రోజుల్లో ఎలా రెడీ చేసుకోవాలో చూద్దాం. ఉంటాను, నమస్తే.