ఎండపూట అష్టాచమ్మా
ఎండ 40 డిగ్రీలు దాటే వేసవి మధ్యాహ్నాల్లో పిల్లల్ని బయటికి పంపలేం. అలాగని ఫోన్ చేతికివ్వడమే దారి కాదు. ఇంటిల్లిపాదీ ఆడుకునే పాత ఆటలు అంతకన్నా మేలని నా నమ్మకం. అష్టాచమ్మానే చూడండి. సుద్దముక్కతో గీసిన 25 గళ్లు, 4 గవ్వలు చాలు. గవ్వలు లేకుంటే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. రెండు పడే విధాలు 6 ఉంటే, అష్టా పడేది ఒకే విధంగా. ఏ పందెం మీద ఆశ పెట్టుకోవాలో, ఏ కాయను నడపాలో పిల్లలు ఆడుతూనే లెక్కగడతారు. పులిజూదంలోనైతే 3 పులుల్ని 15 మేకలు కట్టడి చేయాలి; వెనక తోడు లేని మేక ఎందుకు బలవుతుందో ముందే ఊహించాలి.

ఇవన్నీ ఫోన్‌లోనూ ఉన్నాయిగా అనొచ్చు. నిజమే. కానీ అక్కడ తగువు తీర్చేది ఫోనే. నేల మీద ఆడేటప్పుడు పిల్లలే వాదించుకుని తేల్చుకోవాలి, ఓడినా మళ్లీ ఎదురుగా కూర్చోవాలి. మాకు తీరికేదీ అనే తల్లిదండ్రుల మాట కొట్టిపారేయలేనిది. తాతయ్య, అమ్మమ్మ ఉన్న ఇళ్లలో కొంత నయం. లేనిచోట రాత్రి భోజనాలయ్యాక ఒక్క ఆట ఆడండి. మరీ చిన్నపిల్లలుంటే పెద్దవాళ్ల పక్కన కూర్చోబెట్టి గవ్వలు వేయించండి.