ఐ-94 తేదీ చూసుకున్నారా?

భర్త హెచ్-1బి మీద, భార్య హెచ్-4 మీద అమెరికాలో కాపురముంటున్న తెలుగు ఇళ్లు ఎన్నో. ఆయన కంపెనీ పొడిగింపుకు పెట్టింది కదా, నాదీ అందులోనే అయిపోతుందని కొందరు ఇల్లాళ్లు అనుకుంటారు. కాదమ్మా. కంపెనీ వేసే ఐ-129 దరఖాస్తు ఆయనకు మాత్రమే. మీకు విడిగా ఐ-539 వేయాలి, దానిమీద మీరే సంతకం పెట్టాలి.

అసలు మెలిక తేదీలో ఉంది. పాస్‌పోర్టులో వీసా ముద్ర 2028 దాకా ఉందని నిశ్చింతగా కూర్చోకండి. అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. మీ పాస్‌పోర్టు గడువు ముందే తీరిపోతుంటే, విమానాశ్రయంలో అధికారి ఐ-94 కూడా ఆ తేదీకే ఆపేయవచ్చు. ఇద్దరూ ఒకే విమానం దిగినా చెరో తేదీ పడవచ్చు! ఇది తెలియకే ఎందరో ఇబ్బంది పడుతున్నారు. దిగిన వారంలోనే ఆన్‌లైన్‌లో మీ ఐ-94 తీసి చూసుకోండి.

ఐ-94 గడువుకు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు చేయమంటుంది అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్. పెళ్లి సర్టిఫికెట్, ఆయన ఆమోద పత్రం ఐ-797, జీతం స్లిప్పులు జతచేయండి. తెలుగులో ఉన్న కాగితానికి ధ్రువీకరించిన ఇంగ్లిషు అనువాదం ఉండాలి. ఉద్యోగం చేస్తున్నవాళ్లు పని అనుమతి కార్డు (ఈఏడీ) కోసం ఐ-765 కూడా వేయాలి. రసీదు రాగానే ఒక ప్రతి తీసి పాస్‌పోర్టుతోపాటు భద్రంగా పెట్టుకోండి.