ప్లాట్లమ్మేవారు ఎందుకు రాయాలి?



మనలో కొందరు పదవీ విరమణ తరువాత ఇళ్ల స్థలాల బేరాల్లో మాటసాయం చేస్తున్నారు. కొందరి పిల్లలకు అదే జీవనాధారం. కనుక ఈ విషయం ఎంచుకున్నాను.

మా మేనల్లుడు ఆ వృత్తిలోనే ఉన్నాడు. రోజుకొక చిన్న వ్యాసం రాసి నలుగురికీ పంపితే గిరాకీ పెరుగుతుందని ఎవరో చెప్పగా మొదలుపెట్టాడు. పది రోజులకు ఆగిపోయింది. "మామా, మంచి ప్లాటు, జల్ది కొనుండ్రి అని ఎన్ని తీర్ల రాయాలె?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అమ్మకం కోసమే రాసేవాడి దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

"ఎవరి కోసం రాస్తున్నవురా?" అని అడిగాను. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దుబాయి, మస్కట్ వెళ్లినవారు ఎంతోమంది స్థలం చూడకుండానే డబ్బు పంపుతారు. హద్దురాయి ఎక్కడుందో వారికి తెలియదు. వారికి పొగడ్త ఎందుకు? గుంటకు 121 గజాలన్నది అందరికీ తెలిసిందే. గుంటల లెక్కన కొన్న సాగుభూమి వేరు, అనుమతి పొందిన లేఅవుట్‌లో ప్లాటు వేరు అన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఈసీలో ఏమీ లేదంటే నిశ్చింత అనుకుంటారు. సాదా బైనామా మీద జరిగిన అమ్మకం ఈసీలో కనబడదు కదా! పాత పహాణీల్లో పట్టాదారు పేరు ఒక గడిలో, సాగులో ఉన్నవారి పేరు మరో గడిలో ఉండేవి. రెండూ వేరైతే ఎందుకని అడగాలి. నకళ్లు రాసి రాసి వేళ్లు కాయలు కాచిన మనకు ఇది కొత్త కాదు. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పేరు మారినప్పుడల్లా జనానికి కొత్త సందేహాలు.

మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. నిజాం దక్కన్ షుగర్స్ వారి ముత్యంపేట కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. "ఫ్యాక్టరీ తెరుస్తరట, ధరలు లేస్తయి" అన్న మాట మాత్రం ఎన్నడూ మూతపడలేదు. ఆ మాట రాయవద్దని వాడికి గట్టిగా చెప్పాను. చెరుకు రైతులు, కార్మికులు ఏళ్ల తరబడి పెట్టుకున్న ఆశ అది. దాన్ని గజం ధరలో కలిపి అమ్మడం నాకు సబబుగా తోచదు.

ఇలా రాస్తే నష్టం లేదని నేననను. ఒక స్థలానికి కాగితం మీద దారి లేదని వాడు రాశాడు. యజమాని కోపగించి బేరం మరొకరికి అప్పగించాడు. ఆ నెల కమీషన్ పోయింది. "మామా, నీ మాటలు మంచిగనే ఉంటయి, పిల్లల ఫీజు ఎవరు కడ్తరు?" అని కోడలు నన్ను నిలదీసింది. ఇల్లు నడిపేది ఆమె, ఆమె మాటను తేలికగా తీసుకోలేను.

అయితే ఆ వ్యాసం చదివి మస్కట్ నుంచి ఒకాయన అడిగాడు, తన తమ్ముడు కొన్న రెండు గుంటలకు దారి ఉందా అని. మావాడు నక్షా పట్టుకొని రెండు రోజులు తిరిగి జవాబు రాశాడు. రూపాయి రాలేదు. కానీ ఏం రాయాలని మళ్లీ నన్ను అడగలేదు.

ఉర్దూలో ఉన్న పాత దస్తావేజులు చదవగలవారు మనలో ఇంకా కొందరున్నారు. వాటిలో ఏ మాటకు ఏమర్థమో వాడికి చెప్పండి, రాసుకుంటాడు. నోటుబుక్కుతో బయట వరండాలో కూర్చున్నాడు.